ఇరవై ఒకటో దొంతర

పందొమ్మిదో దొంతర కుర్చీలు ట్రక్కెక్కగానే జోగులు తాడుకి ముడి వేశాడు. ఇరవయ్యోది ఎక్కాక ఇంకోటి వేశాడు. దాని వెనకే మరో దొంతర వచ్చింది గానీ, దానికి మాత్రం చెయ్యి కదపలేదు. సముద్రం ఉన్న దిక్కుకి ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఆ తర్వాత వచ్చినదానికి మళ్లీ ముడి బిగించాడు.

ముడి వేయని ఆ దొంతర సముద్రపు తల్లి గంగమ్మది. దొంతరకి పాతిక కుర్చీలు, దొంతరకో ముడి, ఇరవై ముళ్లయ్యాక వచ్చేది గంగమ్మ వాటా. అది లెక్కలోకి రాదు. సోంపేట అవతల ఒడ్డున జోగులు తండ్రి చేపల గంపల్ని ఇలాగే లెక్కపెట్టేవాడు. ఇరవై గంపలకి ఇరవై ముళ్లు వేసి, ఆ పై గంపని తల్లి పేరు చెప్పి ఒడ్డున చెయ్యి చాచిన ముసలివాళ్లకి పంచేవాడు. పదేళ్ల కొడుకుని వెంటబెట్టుకుని విశాఖపట్నంలో ఓడెక్కి అండమాన్ వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక వలా, ఒక ఇత్తడి చెంబూ, ఈ లెక్కా ఉన్నాయి. వల చిరిగిపోయింది. చెంబు ఎవరో ఎత్తుకుపోయారు. లెక్క మాత్రం కొడుక్కి వచ్చింది.

డీజిల్ ఖర్చుకి చేపలు చాలక తండ్రి పడవ అమ్మేశాక, జోగులు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లోని ఈ టెంట్ హౌస్‌లో చేరాడు. అప్పట్లో పెద్ద సేట్ ఉండేవాడు. ప్లాస్టిక్ కుర్చీలకి గంగమ్మేమిటిరా అని కడుపు పట్టుకు నవ్వి, సరేలే, మీ తల్లి వాటా నా బిల్లులో నేను కలుపుకుంటాను అన్నాడు. తాడు చూసి ఇరవైకి ఒకటి చొప్పున కలుపుకునే బిల్లు రాసేవాడు. ఆయన పోయాక కొడుకు వీరేంద్ర కూడా అలాగే రాస్తున్నాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఎవరికీ ఒక్క కుర్చీ నష్టం రాలేదు. ఎవరికీ నష్టం లేని అలవాటు గురించి మనిషి ఆలోచించడు. జోగులూ ఆలోచించలేదు.

యాభై ఏడేళ్ల మనిషి. పొట్టివాడు. షామియానా గుంజలు మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే రెండంగుళాలు దిగిపోయింది, చొక్కా ఎప్పుడూ ఆ పక్కకే జారుతుంది. అరచేతులు ఎంత గట్టిపడ్డాయంటే పొగలు కక్కే టీ గ్లాసుని పిడికిట్లో పట్టుకుని తాగుతాడు. చూపుడువేలూ బొటనవేలూ మాత్రం ఇంకా సన్నగా, చురుగ్గా, వల అల్లేవాడి వేళ్లలాగే ఉన్నాయి. చదువు రాదు. సంతకం హిందీలో పెడతాడు, అదీ వీరేంద్ర తండ్రి నేర్పినదే.

ఏదో ఆఫీసులో రిటైర్మెంట్ ఫంక్షనుకి వెళ్తున్న కుర్చీలవి. ట్రక్కు కదిలాక జోగులు తాడుని చుట్టచుట్టి నడుముకి కట్టుకున్నాడు. సాయంత్రం కుర్చీలు తిరిగొస్తాయి. ఒక్కో దొంతర దిగుతుంటే ఒక్కో ముడి విప్పుతాడు. తాడు సాపుగా అయిందంటే ఆ రోజు పని అయిపోయినట్టు. అతని రోజులన్నీ అలాగే అయిపోయాయి, ఒక్క ఎన్నికల సభ తప్ప.

ఆ సభ తాడు గోడౌను వెనక గదిలో, గోడ మేకుకి ఎనిమిది నెలలుగా వేలాడుతోంది. నూట ఇరవై ముళ్లు. సభ అయిన రాత్రే కుర్చీలన్నీ గోడౌనుకి రాకుండా నేరుగా సరుకుల బార్జి ఎక్కి, ఇంకో ద్వీపంలో ఉన్న రంగత్‌లో మర్నాటి సభకి వెళ్లిపోయాయి. తర్వాత వేరే సామానుతో కలిసి విడతలుగా వచ్చాయి. అలా వచ్చినవాటికి ముళ్లెలా విప్పుతాడు? అందుకని అలాగే ఉంచేశాడు. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఎన్నికల్లో నిలబడిన మనిషి ఇంతకు మించి ఖర్చు పెట్టకూడదని ఒక హద్దు ఉందనీ, గెలిచినా ఓడినా ఆ లెక్కలు ఇవ్వాలనీ, వాటిని ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చనీ జోగులుకి లహరి చెప్పేదాకా తెలియదు. లహరి జంగ్లీఘాట్ పిల్లే. తండ్రికి రెండు పడవలున్నాయి, కలకత్తాలో లా చదివి వచ్చింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. ఆ సభకి వెళ్లి కుర్చీ దొరక్క వెనక నిలబడ్డ వాళ్లలో ఆమె ఒకతి. డబ్బు కట్టి, నకళ్లు తీసుకుని, గోడౌను గుమ్మంలో కూర్చుని జోగులుకి హిందీలోంచి ఒక్కో వరసా తెలుగు చేసి వినిపించింది.

వీరేంద్ర బిల్లు జతచేసిన ఆ కాగితం మీద సభ ఎంత ముచ్చటగా జరిగిందో వినాలి. నాలుగు వందల కుర్చీలు. ఒక షామియానా. నూట యాభై టీలు. ఇద్దరు కూలీలు. అంత పొదుపరి గెలిచినందుకు ద్వీపాల ప్రజలు పండగ చేసుకోవాలి. సభని వీడియో తీసిన ప్రభుత్వ కెమెరా ఉంటుంది కదా అని లహరి అడిగితే, ఆ రోజు బ్యాటరీ అయిపోవడం వల్ల వేదిక తప్ప ఏమీ రికార్డు కాలేదని జవాబొచ్చింది. మిగిలిన సాక్ష్యం మేకుకున్న తాడొక్కటే. దాన్ని నమ్ముకునే లహరి ఫిర్యాదు పెట్టింది.

నాలుగు వందల కుర్చీలా! ఆ మాత్రం జోగులు టీ తాగేలోపు ఒక్కడే పరిచేస్తాడు. అయినా కుర్చీల మాటకి అతను నవ్వాడంతే. ఇద్దరు కూలీలన్న దగ్గర నవ్వు ఆగిపోయింది. మూడు రోజులు పధ్నాలుగు మంది పని చేశారు. అందులో ఒకడు అప్పయ్య, జోగులు భార్య కామమ్మకి తమ్ముడు. కూలి ఎక్కువిస్తారని రంగత్ నుంచి వచ్చి, సభ అయ్యాక బార్జికి సామాను ఎక్కిస్తూ ట్రక్కు మీదనుంచి జారిపడ్డాడు. నడుము విరిగింది. ఎనిమిది నెలలుగా రంగత్‌లో మంచం మీదే ఉన్నాడు. పరిహారం అడగబోతే, ఆ సభలో పనిచేసింది ఇద్దరే, వాళ్లలో నీ పేరు లేదు అన్నారు. కుర్చీలు నాలుగు వందలే అయితే ఇద్దరు కూలీలు సరిపోతారు. మూడు వేలైతే చాలరు. అప్పుడు అప్పయ్య అక్కడ ఉన్నట్టు లెక్క. జోగులుకి ఆ ఫిర్యాదులో అర్థమైంది అంతే, అంతకంటే అర్థం కావలసిన అవసరమూ లేదు.

ఆ ఫిర్యాదు మీద ఇవాళ పదకొండింటికి విచారణ. ఎనిమిదింటికి గోడౌను వెనక తాముండే గదికి వచ్చేసరికి కామమ్మ చద్దన్నంలో ఎండుచేప పెట్టి కంచం ముందు కూర్చుంది. ఆ గది వీరేంద్రది. అద్దె లేదు. ఒక మంచం, ఒక స్టవ్వు, రేకు కప్పు. వాన పడితే మాట వినపడదు. ఇద్దరూ అందులో ఇరవై ఆరేళ్లు కాపురం చేశారు.

“నా తమ్ముడి నడుం ఎలాగా తిరిగి రాదు మావా. ఈ గది కూడా పోతే ఎక్కడికెల్తాం?” అంది కామమ్మ.

“ఉన్నోడిని లేడని రాసేరే. అలగెలా రాస్తారు?”

కామమ్మ అతను తిన్నంతసేపూ చూసి, లేచి, మేకు మీది తాడు తీసి దుమ్ము దులిపి, చేపల వాసన తగలకుండా ఉతికిన సంచిలో పెట్టి ఇచ్చింది. జారే భుజం మీద చొక్కా సరిచేసింది. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడింది.

ఎన్నికల ఆఫీసు ఎత్తు మీద ఉంది. బోర్డు మీద ఊరి కొత్త పేరు పడింది గానీ, నోటీసు మీది రబ్బరు ముద్రలో ఇంకా పోర్ట్ బ్లెయిరే. వరండాలో లహరి ఎదురుచూస్తోంది. మామా, టెన్షన్ మత్ లో, ఎంతుందో అంతే చెప్పండి అని ధైర్యం చెప్పింది గానీ, ఆమే ఫైలు తెరుస్తూ మూస్తూ ఉంది. లోపల వీరేంద్ర, గెలిచినాయన తరఫు వకీలు పక్కపక్కన కూర్చుని ఉన్నారు. గెలిచినాయన రాలేదు. ఆయనకి ప్రజాసేవ ఉంటుంది కదా.

విచారణ అధికారి చెడ్డవాడేం కాదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, మధ్యాహ్నంలోపు ఇంకా నాలుగు కేసులు ఉన్నాయనే ధ్యాసలో ఉన్నాడు. బంట్రోతు లక్ష్ముడు తాడుని బల్ల మీద పరిచి రెండుసార్లు ముళ్లు లెక్కపెట్టాడు. నూట ఇరవై. దొంతరకి పాతిక చొప్పున మూడు వేలు. అధికారి కళ్లద్దాలు పెట్టుకుని మొదటిసారి తాడుని సరిగ్గా చూశాడు. ఎలా కట్టావు, ఎప్పుడు కట్టావు అని మర్యాదగానే అడిగాడు. జోగులు చెప్పాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క కుర్చీ తేడా రాలేదని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు దిగిపోయిన భుజం కాస్త పైకి లేచింది. ఇంతమంది చదువుకున్నవాళ్లు తన పని గురించి అడిగి వినడం అతనికి అదే మొదలు.

అప్పుడు వకీలు లేచాడు. కోప్పడలేదు, గద్దించలేదు. జోగులు భయ్యా అని పిలిచి, మీ పనితనం గొప్పదని విన్నాను, మాకూ ఒకసారి చూపించండి అన్నాడు. గోడ వెంబడి ఎర్రగుడ్డలో కట్టిన రికార్డుల మూటలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని మీ పద్ధతిలోనే లెక్కపెట్టండి అని ఒక కొత్త తాడు చేతికిచ్చాడు.

జోగులు సంతోషంగా లేచాడు. ఒక్కో మూటనీ అరచేత్తో తట్టుతూ, వేళ్ల వైపు చూడకుండా ముళ్లు వేసుకుంటూ పోయాడు. ఇరవై అయ్యాయి. తర్వాతి మూట మీద చెయ్యి ఆనించి, కిటికీలోంచి కనపడుతున్న సముద్రం వైపు చూసి, దాన్ని దాటాడు. ముడి వెయ్యలేదు. మళ్లీ ఇరవై. మళ్లీ ఆఖరి మూట దగ్గర చెయ్యి ఆనించి, సముద్రం వైపు చూశాడు. వీరేంద్ర తల దించుకుని సెల్‌ఫోను చూసుకుంటున్నాడు.

ఎన్ని అని వకీలు అడిగాడు. నలభై అన్నాడు జోగులు. లక్ష్ముడు లెక్కపెట్టి నలభై రెండు సాబ్ అన్నాడు. అధికారి స్వయంగా లేచి వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. నలభై రెండే.

“రెండు గంగమ్మవి సాబ్. అవి గిన్తీలోకి రావు.”

గదిలో అందరూ నవ్వారు. టైపు చేస్తున్నామె కూడా నవ్వింది. ఏ ఎన్నికల నియమంలో ఉందండీ ఈ గంగమ్మ అని వకీలు అడిగితే నవ్వు ఇంకాస్త పెరిగింది. జోగులు నవ్విన ముఖాల్ని ఒక్కొక్కటే చూశాడు. అతను తప్పేం చెప్పాడో అతనికి తెలియలేదు.

లహరికి అర్థమైంది. ఒక్కసారిగా లేచి, అలాగైతే కుర్చీలు మూడు వేలు కూడా కాదు, ఇరవైకి ఒకటి చొప్పున ఇంకో ఆరు దొంతరలు, మొత్తం మూడు వేల నూట యాభై అని హిందీలో గబగబా చెప్పింది. వకీలు ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఇంతవరకూ మూడు వేలన్నారు, ఇప్పుడు నూట యాభై పెరిగాయి, భోజనం తర్వాత వస్తే ఎన్ని అవుతాయో అన్నాడు. ఇంత మాట మీరు సాక్షిని ముందే అడిగి రాయించుకోలేదా అని అధికారి ఆమెనే అడిగాడు. ఆమె అడగలేదు. అడగాలని ఆమెకి ఎలా తెలుస్తుంది? చెప్పాలని అతనికెలా తెలుస్తుంది?

అధికారి తన మాటలు టైపు చేయించాడు. సాక్షి నిరక్షరాస్యుడు. విచారణ సమయంలో నలభై రెండింటిని నలభైగా లెక్కపెట్టాడు. అతని లెక్క నమ్మదగినది కాదు. సరైన బిల్లు ఉన్నందున నాలుగు వందల కుర్చీలనే లెక్క ఆమోదించడమైనది. అంతే. నూట యాభై తక్కువ చెప్పిన పాపానికి రెండు వేల ఏడు వందల యాభై కుర్చీలు, పన్నెండు మంది కూలీలు, ఒక విరిగిన నడుము ఆ మధ్యాహ్నం గాలిలో కలిసిపోయాయి. అబద్ధం చెప్పినవాడి బిల్లుకి రసీదు ఉంది, ముద్ర ఉంది. నిజం చెప్పినవాడికి గంగమ్మ ఉంది.

సంతకం పెట్టాక జోగులు తాడు కోసం చెయ్యి చాచాడు. లక్ష్ముడు ఇవ్వలేదు. దానికి నంబరు పడిందనీ, ఇక అది ఆఫీసు సొత్తనీ చెప్పాడు.

వరండాలో లహరి ఏడ్చింది. పై వాళ్లకి అప్పీలు పెడతానంది. ముందే ఎందుకు చెప్పలేదు మామా అని ఒక్కసారే అడిగింది.

“అది సెప్పీదేటమ్మా. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను.”

ఎండలో కొండ దిగి గోడౌనుకి వచ్చేసరికి మూడు దాటింది. రిటైర్మెంట్ కుర్చీలు తిరిగొచ్చి ఉన్నాయి. ట్రక్కు పక్కన ఎవరో కొత్త మనిషి నోటు పుస్తకం, పెన్నుతో నిలబడి ఉన్నాడు. జోగులు అతన్ని పలకరించలేదు. నడుముకున్న తాడు విప్పి, దొంతర దిగినప్పుడల్లా ఒక ముడి విప్పుతూ వచ్చాడు. కొత్త మనిషి పక్కనే అంకె వేసుకుంటూ వచ్చాడు. తాడు సాపుగా అయ్యింది. ఒక్క కుర్చీ తగ్గలేదు.

వీరేంద్ర అంతా అయ్యేదాకా ఆగి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. చిన్నప్పుడు జోగులు భుజాల మీద ఎక్కి తిరిగినవాడు. మెల్లగానే మాట్లాడాడు. వెనక గదిలో జనరేటరు పెట్టాలనీ, తొందరేం లేదనీ, రేపు ఖాళీ చేసినా చాలుననీ అన్నాడు. ఈ నెల మొత్తం జీతం ఇప్పిస్తానన్నాడు. జోగులు అడిగింది గది గురించి కాదు.

“గంగమ్మ సంగతి వకీలుకి నువ్వే సెప్పేవా బాబూ?”

వీరేంద్ర సెల్‌ఫోను జేబులో పెట్టుకున్నాడు.

“అడిగారు, చెప్పాను జోగులన్నా. ఝూట్ తో నహీ బోలా, అబద్ధమైతే చెప్పలేదు. నీ లెక్క అలాగే ఉంటుంది కదా.”

అది నిజమే. ఆ కేసు మొత్తంలో వీరేంద్ర చెప్పిన ఒకే ఒక్క నిజం అది, అదే జోగులు మెడకి చుట్టుకుంది. ఈ ఊళ్లో గంగమ్మ దొంతర గురించి తెలిసినవాడు వాడొక్కడే. వాడికి తెలియనిచ్చింది తనే. పదేళ్ల పిల్లాణ్ణి కుర్చీల మధ్య కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇది తల్లిది, దీనికి ముడెయ్యకూడదు బాబూ అని ఎంతో మురిపెంగా చెప్పాడు. జోగులుని బాధపెట్టింది ఉద్యోగం పోవడం కాదు, ఆ మురిపెం. సాపైన తాడుని చుట్టచుట్టి వీరేంద్ర ఒళ్లో పెట్టి గదిలోకి వెళ్లాడు.

కామమ్మ అప్పటికే ట్రంకుపెట్టెలో గిన్నెలు సర్దుతోంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. అతను నడిచొచ్చిన తీరు చూసింది చాలు.

మర్నాడు తెల్లారగానే ఫీనిక్స్ బే జెట్టీలో రంగత్ బోటుకి టిక్కెట్లు తీసుకున్నారు. అప్పయ్య ఇంటికి తలదాచుకోడానికి ఒక పంచ ఉంది. మంచం పట్టినవాడి ఇంటికి పనిపోయినవాడు వెళ్తున్నాడు. అక్కడికి వెళ్లి మాట ఎలా ఎత్తాలో జోగులుకి రాత్రంతా తోచలేదు. నువ్వు ఆ సభలో లేవురా అప్పయ్యా, సర్కారు మళ్లీ రాసింది, ఈసారి నా సంతకం కూడా ఉంది అని చెప్పాలి. పోర్టరు ట్రంకుపెట్టె అడిగితే ఇవ్వకుండా, దిగిపోయిన భుజం మీదే పెట్టుకుని లైన్లో నిలబడ్డాడు. లహరి సాగనంపడానికి వచ్చింది గానీ దగ్గరికి రాలేక టీకొట్టు దగ్గరే ఆగిపోయింది.

బోటు కదిలాక కామమ్మ కొంగు ముడి విప్పి, ఒక రూపాయి నీళ్లలో వేసి దండం పెట్టింది. జోగులు సముద్రం వైపు చూడలేదు. చుట్టూ ఉన్నదంతా అదే కాబట్టి, తన పాదాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

అదే రోజు ఆఫీసులో లక్ష్ముడు ముగిసిన కేసు కాగితాలు మూట కడుతున్నాడు. ఎర్రగుడ్డకి కట్టడానికి తాడు చాలలేదు. చుట్టూ వెతికి, నంబరు చీటీతో బల్ల మీద పడి ఉన్నదాన్ని తీసుకున్నాడు. కొస దగ్గరి ముళ్లు కట్టు బిగియనివ్వడం లేదని నాలుగు విప్పేసి, మూటని గట్టిగా బిగించి, గోడ వెంబడి నలభై మూడోదిగా పేర్చాడు. మిగిలిన నూట పదహారు ముళ్లూ ఆ నాలుగు వందల కుర్చీల కాగితాల చుట్టూ తిరిగి, తాడు కొస గోడ పక్కన వేలాడుతోంది.